నావ లెక్కలో రాయనివి
‘సన్స్ ఆఫ్ సింద్‌బాద్’ గ్రంథ పరామర్శ

హిందూ మహాసముద్రపు ముస్లిం వర్తకాన్ని గురించి తెలుగులో వచ్చే రచనలు సాధారణంగా ఒక్క మాటతో సరిపెట్టుకుంటాయి. సైన్యాలు చేరని తీరాలకు ఇస్లాం వర్తకుల నిజాయితీ ద్వారా చేరింది అన్నదే ఆ మాట. ఇందులో సత్యం ఉంది. మలబారు, తూర్పు ఆఫ్రికా, జావా తీరాల చరిత్ర దానికి సాక్ష్యం. అయితే ఆ వర్తకుడు ఎక్కిన నావ ఎవరిది? దాని తెరచాప లాగిన కళాసీకి ప్రయాణం చివర ఏమి దక్కింది? తుఫానులో సరుకు పోతే నష్టం ఎవరి నెత్తిన పడింది? ఈ ప్రశ్నలు అడిగేవారు తక్కువ. వీటికి సమాధానం వెతుక్కోవడానికి పనికివచ్చే పుస్తకాలు అంతకన్నా తక్కువ. ఆ కొద్దివాటిలో ఆలన్ విల్లియర్స్ 1940లో ప్రచురించిన ‘సన్స్ ఆఫ్ సింద్‌బాద్’ ఒకటి. అరబీలోకి ‘అబ్నా అస్ సింద్‌బాద్’ పేరుతో వెళ్లిన ఈ గ్రంథం ముస్లిం పాఠకుడు శ్రద్ధగా చదవదగినది, శ్రద్ధగా తప్పు పట్టదగినది కూడా.

విల్లియర్స్ (1903–1982) ఆస్ట్రేలియా దేశస్థుడు. చిన్న వయసులోనే తెరచాప ఓడలెక్కి కూలి కళాసీగా బ్రతికినవాడు. ‘జోసెఫ్ కాన్రాడ్’ అనే ఓడ మీద 1934–36 మధ్య భూగోళాన్ని చుట్టివచ్చాడు. ఆవిరి ఓడల ధాటికి ఐరోపా తెరచాప ఓడలు కనుమరుగవుతున్నాయని, గాలిని నమ్ముకుని వర్తకం చేసే జాతిగా అరబ్బులే మిగిలారని తలచి 1938లో ఏడెన్ చేరాడు. మొదట చిన్న సంబూక్ మీద ఎర్ర సముద్రంలో కొంతదూరం తిరిగి, ఆ పిమ్మట ‘బయాన్’ అనే కువైత్ బూమ్ ఎక్కాడు. దాని నాఖుదా అలీ బిన్ నాసిర్ అన్ నజ్దీ. హద్రమౌత్ రేవులైన ముకల్లా, షిహ్ర్ మీదుగా మొగదిషు, లామూ, మొంబాసా, జంజిబార్, రుఫీజీ నదీముఖాల దాకా వెళ్లి, మస్కట్, బహ్రైన్ మీదుగా 1939 వేసవిలో కువైత్ చేరిన ప్రయాణమే ఈ పుస్తకం.

ఒక నావ నడక

గ్రంథంలో మేలైన భాగం నావ దైనందిన జీవితం. విల్లియర్స్ ఒడ్డున కూర్చుని రాసిన యాత్రికుడు కాడు. తాడు ముడి చూసి కళాసీ చేతివాటం చెప్పగలవాడు. అందుచేత బయాన్ నడకను గురించి అతని మాట నమ్మదగినది.

ఈ వర్తకానికి కాలం గాలి చేతిలో ఉంది. ఈశాన్య పవనం వీచే చలికాలంలో నావలు గల్ఫ్ నుంచి ఆఫ్రికా తీరం వెంట దక్షిణానికి దిగుతాయి. నైరుతి గాలి మొదలైన తరువాత, అది ఉధృతం కాకముందే, తిరిగి ఉత్తరానికి బయలుదేరుతాయి. బస్రా ఖర్జూరాలతో మొదలైన సరుకు దారి పొడవునా మారుతూ ఉంటుంది. ఒక రేవులో ఉప్పు, ఒక రేవులో ఎండు చేప, ఒక రేవులో నెయ్యి, బియ్యం, బట్టలు. హద్రమౌత్‌లో సరుకుతో పాటు మనుషులెక్కుతారు. ఎండిన నేలను విడిచి ఆఫ్రికా తీరంలో పొట్ట పోసుకోవాలని వెళ్లే పేదలు డెక్ మీద మోకాళ్లు మడుచుకుని కూర్చుంటారు. వారి మధ్యనే వంట, నమాజు, నిద్ర. నావ సాగుతుండగానే వడ్రంగి డెక్ మీద ఒక చిన్న పడవ కడతాడు. దానిని రేవులో అమ్ముకోవాలి. ప్రతి కళాసీకి ఒక పెట్టె ఉంటుంది. అందులో అతను సొంతానికి కొన్న సరుకు ఉంటుంది. అంటే నావలో ఉన్నది ఒక వర్తకుడు కాదు, పాతిక ముప్పై మంది చిల్లర వర్తకులు. ఈ సంగతిని ఇంత వివరంగా నమోదు చేసిన గ్రంథాలు అరుదు. క్రీస్తు శకం పదో శతాబ్దిలో బుజుర్గ్ బిన్ షహ్రియార్ సంకలనం చేసిన ‘అజాయిబ్ అల్ హింద్’లో నావికుల సాహసాలున్నాయి, కళాసీల పెట్టెలు లేవు. పదిహేనో శతాబ్దిలో ఇబ్న్ మాజిద్ రాసిన ‘కితాబ్ అల్ ఫవాయిద్’లో నక్షత్రాలు, తీరాలు, గాలులు ఉన్నాయి, కూలి లెక్కలు లేవు. విల్లియర్స్ పుస్తకం ఈ వెలితిని కొంత పూరిస్తుంది.

రేవు మర్యాద

రేవులో నావ ఆగడం అంటే ఏమిటో తెలియడానికి ఈ పుస్తకాన్ని ఇబ్న్ బతూతా యాత్రాకథనంతో కలిపి చదవడం మంచిది. ఆయన 1331 ప్రాంతంలో మొగదిషులో దిగాడు. నావ కనబడగానే పట్టణపు యువకులు చిన్న పడవలలో ఎదురువచ్చేవారని, మూత పెట్టిన భోజనపాత్రను ఒక్కొక్క వర్తకుని ముందు ఉంచి అతనిని తన అతిథిగా ప్రకటించేవారని ఆయన చెబుతాడు. ఆ వర్తకుడు ఆ ఇంట్లోనే దిగాలి. ఇంటి యజమానే అతని సరుకు అమ్మిపెడతాడు, కావలసినది కొనిపెడతాడు. యజమాని లేనప్పుడు చేసిన బేరాన్ని, మరీ అన్యాయపు ధరకు కొన్న బేరాన్ని ఆ ఊరు చెల్లనిచ్చేది కాదు. ఇది వట్టి ఆతిథ్యం కాదు. పరాయివాడు మోసపోకుండా, ఊరికి చెడ్డపేరు రాకుండా కట్టిన వర్తక నియమం. ఇలాంటి అభయం అవసరమని తెలుగు తీరం కూడా ఎరుగును. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవున వేయించిన అభయశాసనం, గాలివానకు కొట్టుకువచ్చిన ఓడల సరుకును ఇకమీదట జప్తు చేయబోమని, నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకుంటామని విదేశీ వర్తకులకు మాట ఇచ్చింది.

ఆరు వందల ఏళ్ల తరువాత బయాన్ ఆగిన మొగదిషు ఇటలీ ఏలుబడిలో ఉంది. రేవు మీద అధికారం పరాయివారిది, కాగితం వారిది, సుంకం వారిది. మొంబాసా, జంజిబార్‌లలో పెత్తనం బ్రిటిష్‌వారిది. నాఖుదా ఇప్పుడు అతిథి కాదు, తనిఖీకి నిలబడవలసిన మనిషి. ఈ మార్పు విల్లియర్స్ కంటికి ఆనుతుంది. కానీ అతను దానిని ఎక్కువగా చిరాకు కలిగించే అడ్డంకిగా చూస్తాడు. ఒక సమాజం తన రేవుల మీద హక్కు పోగొట్టుకుంటే దాని వర్తక నీతి కూడా ఏమవుతుందన్న ప్రశ్న వేసుకోడు. ఆతిథ్య నియమం ఉన్నచోట సత్యవంతుడైన వర్తకునికి ఊరంతా జామీను. అది పోయినచోట దొంగదారి లాభసాటి అవుతుంది. ఈ తీరం మీద దొంగ సరుకును అరబ్బుల స్వభావానికి అంటగట్టే రచయితలు ఈ తేడా గమనించాలి.

మడ అడవిలో

ప్రయాణంలో కఠినమైన మజిలీ రుఫీజీ నదీముఖం. అక్కడి మడ అడవుల వాసాలు గల్ఫ్ ఇళ్లకు మిద్దె దూలాలు. కువైత్‌లో కలప లేదు. నావ కట్టడానికి మలబారు టేకు, ఇల్లు కప్పడానికి ఆఫ్రికా మడచెట్టు రావలసిందే. పాత గల్ఫ్ ఇళ్లలో గది వెడల్పును నిర్ణయించింది ఈ వాసం పొడవే. ఒక తీరంలోని చెట్టు ఎత్తు మరో తీరంలోని ఇంటి కొలత అయింది. రెండు తీరాల బంధుత్వాన్ని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ఆ బంధుత్వానికి ధర చెల్లించినది మాత్రం కళాసీ. ఎడారి తీరంలో పుట్టి పెరిగినవారు బురదలో, దోమలలో, వానలో వేల వాసాలను మోసి నావకెత్తారు. జ్వరాలు తగిలాయి. విల్లియర్స్ ఈ భాగాన్ని అలంకారం లేకుండా రాశాడు. గ్రంథంలో ఇది ఉత్తమమైన అధ్యాయం అనడంలో సందేహం లేదు. అయితే అదే బురదలో దిగి చెట్టు నరికిన ఆఫ్రికన్ మనిషికి పుస్తకంలో దొరికిన చోటు చాలా తక్కువ. ఇదే తీరం నుంచి, ఇలాంటి నావల మీదే, పంతొమ్మిదో శతాబ్దిలో బానిసలను తరలించారు. జంజిబార్ బానిస సంత 1873లో గాని మూతపడలేదు. ఈ వర్తకం గురించి గర్వంగా రాసే ముస్లిం రచయితలు ఆ సంగతి దాటవేయడం న్యాయం కాదు. బానిసను విడిపించడం పుణ్యకార్యాలలో ముందు వరుసన నిలిపిన ధర్మానికి చెందినవారు ఆ లెక్కను దాచడం వల్ల ధర్మానికి మేలు జరగదు.

బాకీల గొలుసు

గ్రంథానికి ప్రాణం వంటి విషయం నావ లెక్క. గల్ఫ్ ఆచారం ప్రకారం వచ్చిన కిరాయి మొత్తం నుంచి ముందు తిండి ఖర్చు తీసివేస్తారు. మిగిలినదానిలో సగం నావది, సగం మనుషులది. మనుషుల సగాన్ని వాటాలు వేస్తారు. నాఖుదాకు, సరంగుకు, మరికొందరికి ఎక్కువ వాటాలుంటాయి. చూడడానికి ఇది కూలి పద్ధతి కంటే ఉదాత్తంగా ఉంది. ఐరోపా ఓడల మీద నెల జీతానికి పనిచేసిన విల్లియర్స్‌కు ఇది నచ్చడంలో వింత లేదు.

కానీ కళాసీ బయలుదేరే ముందే ఇంటి ఖర్చుకు బయానా తీసుకుంటాడు. తొమ్మిది నెలల తరువాత అతని వాటా ఆ బయానాకు చాలకపోతే మిగతాది బాకీగా నిలుస్తుంది. బాకీ తీరేదాకా ఆ నాఖుదాను విడిచి మరొకరి నావ ఎక్కకూడదు. నాఖుదా తన వంతుకు వర్తకునికి బాకీపడి ఉంటాడు. వర్తకుని నుంచి నాఖుదాకు, నాఖుదా నుంచి కళాసీకి దిగివచ్చే ఈ గొలుసును విల్లియర్స్ స్పష్టంగానే చూశాడు. కువైత్‌లో ఉండి ముత్యాల వేటను పరిశీలించినప్పుడు అది ఎంత బిగువైనదో ఇంకా బాగా గ్రహించాడు. జపాన్ కృత్రిమ ముత్యాలు, 1929 తరువాతి ఆర్థికమాంద్యం ముత్యాల ధరను పడగొట్టాయి. అయినా గజ ఈతగాని బాకీ మాత్రం తగ్గలేదు. గల్ఫ్‌లో చాలాచోట్ల తండ్రి బాకీ కొడుకును నీళ్లలోకి దింపేది. బహ్రైన్‌లో 1920ల సంస్కరణలు దీనిని అడ్డుకోవడానికి వచ్చినవే. ‘సాలిఫా’ అనే వేట న్యాయస్థానం ఆచారాన్ని బట్టి తీర్పు చెప్పేది, షరీఅత్‌ను బట్టి కాదు.

ఇక్కడ విల్లియర్స్ ఆగిపోతాడు. ఇదంతా అరబ్బుల ఓర్పు, దైవనిర్ణయానికి తలవంచే స్వభావం అన్నట్టు రాసి ముందుకు సాగుతాడు. అతనికి తెలియని సంగతి, తెలుసుకోవాలని తోచని సంగతి ఒకటుంది. ఈ ఆచారాన్ని తూచడానికి ఆ నావికుల సొంత ధర్మంలోనే తక్కెడ ఉంది.

దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్ (అల్ బఖర, 282) బాకీని రాతలో పెట్టడం గురించినది. రాయించవలసినది బాకీపడినవాడు. అతను అశక్తుడైతే అతని తరఫువాడు. అంటే బలహీనుని నోటి మాటకే ముందు స్థానం. కువైత్ రేవులో ఖాతా ఎవరి దగ్గర ఉంది? వర్తకుని దగ్గర. చదవడం రాని కళాసీకి అందులో ఏముందో తెలియదు. అదే సూరా 280వ ఆయత్ ఇబ్బందిలో ఉన్న బాకీదారునికి వెసులుబాటు వచ్చేదాకా గడువు ఇవ్వమంటుంది, మాఫీ చేయడం ఇంకా మేలంటుంది. అత్తౌబా సూరా 60వ ఆయత్ జకాత్ పొందదగిన ఎనిమిది వర్గాలలో బాకీలలో మునిగినవారిని చేర్చింది. ప్రవక్త మహనీయులు (స) బాకీతో చనిపోయిన వ్యక్తి జనాజా నమాజు చేయించడానికి సంకోచించినప్పుడు హజ్రత్ అబూ ఖతాదా (రజి) ఆ బాకీని తనపై వేసుకున్న సంఘటన ప్రసిద్ధం. తరువాత స్థోమత కలిగినప్పుడు అటువంటి బాకీలు తీర్చే బాధ్యతను ప్రవక్త (స) తామే స్వీకరించారు. మృతుని బాకీ అతని ఆస్తి నుంచి తీరాలి. ఆస్తి చాలకపోతే వారసుడు తన మెడకు తగిలించుకోవలసిన పని లేదు. కొడుకును సముద్రంలోకి దింపిన ఆచారం దీనికి నేరుగా విరుద్ధం.

వాటా పద్ధతి విషయంలో ఫిఖ్హ్ వేత్తల మధ్య భేదం ఉంది. నావను గాని పశువును గాని సంపాదనలో వాటాకు ఇవ్వడం హంబలీ మజ్హబ్‌లో చెల్లుతుంది. ఇబ్న్ ఖుదామా ‘అల్ ముగ్నీ’లో దీనిని సమర్థించారు. హనఫీలు ఒప్పుకోలేదు. అలా జరిగితే పని చేసినవానికి వాడుక కూలి దక్కాలన్నారు. ఏ మజ్హబ్‌ను అనుసరించినా బయానా దగ్గరికి వచ్చేసరికి చిక్కు తప్పదు. అప్పు ఇచ్చినవానికి ఆ అప్పు వల్ల కలిగే షరతుగల ప్రయోజనం వడ్డీతో సమానమన్నది ఫిఖ్హ్‌లో పేరుపడ్డ సూత్రం. అప్పును, అమ్మకాన్ని ఒకే బేరంలో ముడిపెట్టడాన్ని హదీసు వారించింది. అప్పు తీరేదాకా నా నావలోనే పనిచేయాలి అన్న షరతు ప్రయోజనం కాక మరేమిటి? వడ్డీ అన్న మాట ఖాతాలో లేనంత మాత్రాన వడ్డీ లేదనడం తేలిక. ముదారబా నీతి ప్రకారం నష్టం పెట్టుబడికి, వృథా అయ్యేది శ్రమ. కువైత్ నావలో శ్రమ వృథా కావడమే కాదు, దాని పైన బాకీ కూడా మిగిలింది.

వర్తకుల వైపు న్యాయం కూడా చెప్పాలి. ఆ బయానాయే లేకపోతే తొమ్మిది నెలలు కళాసీ ఇంట పొయ్యి వెలగదు. నావ మునిగితే వర్తకుని సొత్తు మునుగుతుంది. ఉదారంగా బాకీ మాఫీ చేసినవారు ఉండకపోరు. కానీ ధర్మం ఒక్కొక్కరి ఔదార్యం మీద ఆధారపడేది కాదు. అది హక్కుగా నిలబడాలి.

సింద్‌బాద్ అన్న పేరు

పుస్తకం పేరులోనే మరో లోపం దాగి ఉంది. అలీ నజ్దీ సింద్‌బాద్ కొడుకు అయితే వెయ్యేళ్లుగా ఏమీ మారలేదని అర్థం. వాస్తవం అది కాదు. విల్లియర్స్ అనాదిగా భావించిన బూమ్ కువైత్‌లో పాత బగ్లాను తోసిరాజన్నది పందొమ్మిదో శతాబ్ది చివర, ఇరవయ్యో శతాబ్ది మొదట. పూర్వపు నావల పలకలను కొబ్బరి పీచు తాళ్లతో కుట్టేవారు, బయాన్ పలకలకు ఇనుప మేకులు. నావలోని లెక్కలు భారతీయ రూపాయలలో జరిగాయి. కువైత్‌కు సొంత దీనార్ 1961లో గాని రాలేదు. బుర్గాన్‌లో నూనె పడింది 1938లోనే, అంటే విల్లియర్స్ ఏడెన్ చేరిన ఏడాదే. మొదటి ఎగుమతి 1946లో జరిగింది. పదేళ్లు తిరిగేసరికి కళాసీలు నూనె కంపెనీలకు, ప్రభుత్వ కొలువులకు మళ్లారు. అనాదిగా నిలిచిన జీవితం ఒక తరంలో అంత తేలికగా చెదిరిపోదు. బాకీ విడిపించుకునే దారి దొరికింది గనుక వారు కదిలారు అనడమే సబబు.

బయాన్ పేరును ఆంగ్ల పాఠకునికి ‘ధర్మవిజయం’ వంటి అర్థంలో అందించడం కూడా ఈ ధోరణిలో భాగమే. బయాన్ అంటే విశదపరచడం, తేటగా చెప్పడం. ఆ పదంలో విజయం లేదు. తేటదనాన్ని కోరుకున్న నావకు జెండా తగిలించినట్టయింది.

కువైత్ రచయిత తాలిబ్ అర్రిఫాయి 2017లో వెలువరించిన ‘అన్ నజ్దీ’ నవల ఈ గ్రంథానికి చక్కని జోడీ. వృద్ధుడైన నాఖుదా 1979 ఫిబ్రవరి 19న మిత్రులతో చేపలవేటకు వెళ్లి తుఫానులో మరణించాడు. నవల ఆ చివరి రోజు మీద నిలబడి వెనక్కి చూస్తుంది. విల్లియర్స్ పుస్తకంలో ఇతరుల చూపుకు పాత్రగా నిలిచిన మనిషి ఇక్కడ తన సొంత భాషలో మనసు విప్పుతాడు. ఇది గొప్ప మేలు. అయితే రెండింటిలోనూ వెలుగు నాఖుదా మీదే. పెట్టె ముందు కూర్చుని తన వాటా లెక్కపెట్టుకున్న కళాసీ ఇంకా తన రచయిత కోసం ఎదురుచూస్తూనే ఉన్నాడు.

తెలుగులోకి వస్తే

ఈ గ్రంథం తెలుగులోకి రావలసి ఉంది. అనువాదకునికి పదాల లేమి లేదు. గోల్కొండ సుల్తానుల ఓడలు పదహారో శతాబ్ది చివర నుంచి బందరు రేవు విడిచి ఎర్ర సముద్రానికి వర్తకులను, హజ్ యాత్రికులను చేరవేశాయి. లంగరు, సరంగు, కళాసీ, బందరు అన్న మాటలు ఆ రాకపోకల దారినే తెలుగు నోటికి వచ్చాయి. నాఖుదాను మాత్రం ‘కెప్టెన్’ అనకూడదు. తండేలు అన్నా సరిపోదు. అతను నావ నడిపేవాడే కాక బేరగాడు, ఖజానాదారు, బాకీదారు కూడా. ఆ మాటను అలాగే ఉంచి మొదటి పుటలో వివరించడం మేలు. ‘మౌసిమ్’ను ఋతుపవనం అంటే గాలి వస్తుంది గాని సంత కాలం అన్న అర్థం పోతుంది. సందర్భాన్ని బట్టి రెండూ చెప్పుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యంగా ఆ అనువాదానికి బాకీల మీద ఒక ధర్మశాస్త్ర పీఠిక ఉండాలి. కారణం దూరాన లేదు. కడప జిల్లా నుంచి, గోదావరి జిల్లాల నుంచి కువైత్ వెళ్లే తెలుగువారిలో చాలామంది బయలుదేరే ముందే వీసా కోసం అప్పు చేస్తున్నారు. ఆ అప్పు తీరేదాకా పని నచ్చినా నచ్చకపోయినా తిరిగిరాలేకపోతున్నారు. వెళ్లినవాడు అక్కడే కన్నుమూస్తే అప్పులవాడు ఇంటి గుమ్మం ముందు నిలబడుతున్నాడు. నావ పోయి విమానం వచ్చింది. బయానా, బాకీ, ముడిపెట్టిన పని మాత్రం మారలేదు. మృతుని బాకీకి వారసుని మెడ జవాబుదారీ కాదని, బాకీలలో మునిగినవానికి జకాత్‌లో హక్కు ఉందని ఆ ఇంటివారికి చెప్పవలసిన బాధ్యత మస్జిద్ కమిటీలది, ధర్మవేత్తలది. విల్లియర్స్ పుస్తకం ఆ పని చేయదు. చేయవలసిన పని ఎంత పాతదో మాత్రం చూపిస్తుంది.